మొదటి ప్రపంచ యుద్ధానంతర భారత సంక్షోభం (1918–1924)

మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరు 11న ముగిసింది. ఆ తరువాతి ఆరేళ్ళలో బ్రిటిష్ ఇండియాలోనూ సంస్థానాల్లోనూ తలెత్తిన ఆర్థిక, సామాజిక, రాజకీయ అలజడులను కలిపి యుద్ధానంతర సంక్షోభంగా చరిత్రకారులు వ్యవహరిస్తారు. ధరల పెరుగుదల, ఇన్‌ఫ్లుయెంజా, రౌలట్ చట్టం, జలియన్‌వాలాబాగ్ కాల్పులు, ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు, కార్మికుల సమ్మెలు, రైతుల, గిరిజనుల తిరుగుబాట్లు దీని పరిధిలోకి వస్తాయి. ఆంధ్ర ప్రాంతంలో చీరాల–పేరాల, పల్నాడు, పెదనందిపాడు ఉద్యమాలు, మన్య విప్లవం ఈ కాలానివే. 1924 మేలో అల్లూరి సీతారామరాజు మరణాన్ని ఆంధ్రకు సంబంధించినంతవరకు ఈ దశకు ముగింపుగా తీసుకోవచ్చు.

పరిధి

ఈ సంక్షోభం ఒకే ఉద్యమం కాదు. వేరువేరు ప్రాంతాల్లో, వేరువేరు కారణాలతో మొదలైన ఆందోళనలు 1920–1922 మధ్య సహాయ నిరాకరణ అనే ఒకే పేరు కిందికి వచ్చాయి. వాటిలో కొన్ని కాంగ్రెస్ నాయకత్వంలో నడిచాయి. కొన్ని కాంగ్రెస్ పేరు వాడుకున్నా దాని ఆదేశాలకు లోబడలేదు. మరికొన్నింటికి కాంగ్రెస్‌తో సంబంధమే లేదు. యుద్ధం తెచ్చిన భారం, యుద్ధకాలపు అధికారాలను శాంతికాలంలోనూ వదులుకోవడానికి ప్రభుత్వం ఇష్టపడకపోవడం వీటన్నిటికీ ఉమ్మడి నేపథ్యం.

యుద్ధకాల నేపథ్యం

సైన్యం, నిధులు: యుద్ధకాలంలో భారతదేశం నుంచి పది లక్షలకు పైగా సైనికులు, సహాయక సిబ్బంది ఫ్రాన్స్, మెసపొటేమియా, ఈజిప్ట్, తూర్పు ఆఫ్రికా తదితర రంగాలకు వెళ్ళారు. సుమారు 74 వేలమంది మరణించారు. సైన్యంలో చేరినవారిలో పంజాబ్ వాటా మిగిలిన రాష్ట్రాలన్నిటికంటే ఎక్కువ. చివరి రెండేళ్ళలో అక్కడ గ్రామాధికారులకు కోటాలు పెట్టి బలవంతంగా మనుషులను సమీకరించారు. 1917లో భారత ప్రభుత్వం యుద్ధవ్యయానికి 10 కోట్ల పౌన్లు ‘కానుక’గా ఇచ్చింది. ఈ భారం దేశీయ రుణాలు, ఆదాయపు పన్ను, దిగుమతి సుంకాల పెంపు రూపంలో ప్రజల మీద పడింది.

ధరలు: 1914–1920 మధ్య ధరల సాధారణ స్థాయి దాదాపు రెట్టింపయింది. బట్ట, ఉప్పు, కిరోసిన్ వంటి దిగుమతి సరుకుల ధరలు ముందు పెరిగాయి. 1918లో రుతుపవనాలు విఫలం కావడంతో తిండిగింజల ధరలూ పెరిగాయి. ఆ ఏడాది మద్రాసు ప్రెసిడెన్సీలో పలుచోట్ల జనం సంతల మీద, ధాన్యం కొట్ల మీద పడ్డారు. ధాన్యం ఊరు దాటిపోకుండా బండ్లను అడ్డగించారు. వ్యాపారి చెప్పిన రేటుకు కాకుండా తాము న్యాయమనుకున్న రేటుకు అమ్మించడం ఈ గొడవల్లో తరచుగా కనిపించే లక్షణం. మిల్లు యజమానులకు, జనపనార వ్యాపారులకు యుద్ధం పెద్ద లాభాలు తెచ్చింది. కూలిరేట్లు మాత్రం ధరలతో సమంగా పెరగలేదు.

ఇన్‌ఫ్లుయెంజా: 1918 వేసవిలో బొంబాయి రేవు ద్వారా ప్రవేశించిన జ్వరం సెప్టెంబరు–నవంబరు మధ్య రెండవ తాకిడిలో దేశమంతటా వ్యాపించింది. మృతుల సంఖ్యపై అంచనాలు 1.2 కోట్ల నుంచి 2 కోట్ల వరకు ఉన్నాయి. జనాభా లెక్కలు మొదలైన తరువాత దేశ జనాభా తగ్గిన దశాబ్దం 1911–1921 ఒక్కటే.

సంస్కరణలు

1917 ఆగస్టు 20న భారత వ్యవహారాల మంత్రి ఎడ్విన్ మాంటేగు బ్రిటిష్ పార్లమెంటులో ఒక ప్రకటన చేశాడు. భారతదేశంలో బాధ్యతాయుత ప్రభుత్వాన్ని క్రమక్రమంగా ఏర్పరచడం తమ విధానమని చెప్పాడు. దాని ఫలితమే 1919 భారత ప్రభుత్వ చట్టం. ఈ చట్టం రాష్ట్రాల్లో ద్వంద్వ ప్రభుత్వాన్ని ప్రవేశపెట్టింది. విద్య, ఆరోగ్యం, స్థానిక పరిపాలన వంటి ‘బదిలీ’ శాఖలు ఎన్నికైన సభ్యుల నుంచి నియమించే మంత్రులకు దక్కాయి. రెవెన్యూ, పోలీసు, న్యాయం వంటి ‘రిజర్వు’ శాఖలు గవర్నరు, అతని కార్యనిర్వాహక సభ్యుల చేతిలోనే ఉన్నాయి.

1920 ఎన్నికలను కాంగ్రెస్ బహిష్కరించింది. మద్రాసులో జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఏర్పాటు చేసింది. 1921 నుంచి 1926 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న పానగల్లు రాజా, అంటే పానుగంటి రామరాయణింగారు, తెలుగువాడు. స్థానిక పరిపాలన శాఖ ఆయన చేతిలో ఉండటంతో చీరాల వ్యవహారం నేరుగా ఈ కొత్త మంత్రివర్గానికి సంబంధించినదయింది (చూ. ఆంధ్ర ప్రాంతం). స్త్రీలకు శాసనసభ ఓటుహక్కును మొదట ఇచ్చిన రాష్ట్రం మద్రాసే (1921).

రౌలట్ చట్టం, పంజాబ్ ఘటనలు

యుద్ధకాలంలో ప్రభుత్వానికి 1915 భారత రక్షణ చట్టం అసాధారణ అధికారాలిచ్చింది. యుద్ధం ముగిస్తే అవీ ముగియాలి. విప్లవకారుల కార్యకలాపాలను విచారించిన జస్టిస్ సిడ్నీ రౌలట్ సంఘం అటువంటి అధికారాలు కొనసాగాలని 1918లో సిఫారసు చేసింది. 1919 మార్చిలో చేసిన చట్టం ప్రకారం విచారణ లేకుండా రెండేళ్ళ వరకు నిర్బంధించవచ్చు. కొన్ని నేరాలను అప్పీలుకు వీలులేని ప్రత్యేక న్యాయస్థానాలు రహస్యంగా విచారించవచ్చు. కేంద్ర శాసనమండలిలో ఎన్నికైన భారతీయ సభ్యులు దీనిని వ్యతిరేకించారు. మహమ్మదాలీ జిన్నా, మదనమోహన మాలవ్య తమ సభ్యత్వాలకు రాజీనామా చేశారు.

గాంధీ పిలుపుపై 1919 ఏప్రిల్ 6న దేశవ్యాప్తంగా హర్తాళ్ జరిగింది. తేదీ మార్పు తెలియక ఢిల్లీలో మార్చి 30నే జరిపారు. ఏప్రిల్ 10న అమృతసర్‌లో సైఫుద్దీన్ కిచ్లూ, డాక్టర్ సత్యపాల్‌లను ప్రభుత్వం ఊరు దాటించింది. దానిపై నిరసన తెలిపిన జనం మీద కాల్పులు జరిగాయి. ప్రతిగా గుంపులు బ్యాంకుల మీద దాడిచేసి కొందరు ఐరోపావారిని చంపాయి. ఏప్రిల్ 13న, వైశాఖి రోజు, జలియన్‌వాలాబాగ్‌లో చేరిన నిరాయుధ జనంపై బ్రిగేడియర్ జనరల్ రెజినాల్డ్ డయ్యర్ హెచ్చరిక లేకుండా కాల్పులకు ఆజ్ఞ ఇచ్చాడు. సుమారు పది నిమిషాల్లో 1,650 తూటాలు పేలాయి. అధికారిక లెక్క ప్రకారం మృతులు 379 మంది. కాంగ్రెస్ విచారణ సంఘం ఈ సంఖ్యను వెయ్యికి దగ్గరగా పేర్కొంది.

తరువాత పంజాబ్‌లోని పలు జిల్లాల్లో సైనిక శాసనం విధించారు. గుజ్రన్‌వాలాలో విమానాల నుంచి బాంబులు వేశారు. అమృతసర్‌లో ఒక ఆంగ్ల మిషనరీ మహిళపై దాడి జరిగిన సందు గుండా వెళ్ళే భారతీయులు నేలమీద పాకుతూ పోవాలని డయ్యర్ ఆదేశించాడు. ఆ సందులో ఇళ్ళున్నవారికీ ఇది వర్తించింది. మే నెలాఖరున రవీంద్రనాథ్ ఠాగూర్ తన ‘సర్’ బిరుదును వదులుకున్నాడు. హంటర్ విచారణ సంఘం డయ్యర్ చర్యను తప్పుపట్టడంతో అతడు పదవి విడవవలసి వచ్చింది. అయినా బ్రిటన్‌లో అతనికోసం చందాలు పోగుచేశారు, ప్రభువుల సభ అతన్ని సమర్థించింది. విచారణ నివేదిక కంటే ఈ పరిణామమే భారతీయ మితవాదుల నమ్మకాన్ని ఎక్కువగా దెబ్బతీసింది.

ఖిలాఫత్, సహాయ నిరాకరణ

యుద్ధంలో ఓడిన టర్కీ సుల్తాను ముస్లింలకు ఖలీఫా. అతని అధికారాన్ని, పవిత్ర స్థలాలను కాపాడాలన్న డిమాండుతో 1919లో ఖిలాఫత్ ఉద్యమం మొదలైంది. మహమ్మద్ అలీ, షౌకత్ అలీ సోదరులు దీని ప్రధాన నాయకులు. 1920 ఆగస్టు 10న కుదిరిన సెవ్రే సంధి ఒట్టోమన్ సామ్రాజ్యాన్ని ముక్కలు చేసింది. అదే ఏడాది వేలాది ముస్లింలు ‘హిజ్రత్’ పేరుతో అఫ్ఘానిస్థాన్‌కు వలసవెళ్ళారు. వారిలో చాలామంది కష్టనష్టాలతో తిరిగివచ్చారు.

పంజాబ్ అన్యాయం, ఖిలాఫత్ సమస్య, స్వరాజ్యం అనే మూడు అంశాలను కలిపి 1920 ఆగస్టు 1న గాంధీ సహాయ నిరాకరణ ప్రారంభించాడు. సెప్టెంబరులో కలకత్తా ప్రత్యేక కాంగ్రెస్, డిసెంబరులో నాగపూర్ కాంగ్రెస్ దీనిని ఆమోదించాయి. బిరుదులు, శాసనసభలు, ప్రభుత్వ పాఠశాలలు, కోర్టులు, విదేశీ వస్త్రాలను బహిష్కరించడం ప్రధాన కార్యక్రమం. ఖద్దరు, జాతీయ పాఠశాలలు, మద్యనిషేధం, అస్పృశ్యతా నివారణ నిర్మాణాత్మక భాగం. నాగపూర్‌లో కాంగ్రెస్ తన రాష్ట్ర శాఖలను భాషా ప్రాతిపదికన పునర్వ్యవస్థీకరించింది. ఆంధ్రకు ప్రత్యేక కాంగ్రెస్ సంఘం 1918లోనే ఏర్పడింది.

సంక్షోభ రూపాలు

కార్మిక సమ్మెలు: 1918 ఫిబ్రవరి–మార్చిలో అహ్మదాబాదు మిల్లు కార్మికుల సమ్మె, ఏప్రిల్‌లో బి.పి. వాడియా నాయకత్వంలో మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పాటు ఈ దశకు తొలి గుర్తులు. 1919 జనవరిలో బొంబాయి బట్టల మిల్లుల సమ్మెలో లక్షమందికి పైగా పాల్గొన్నారు. 1920 అక్టోబరు 31న లాలా లజపతి రాయ్ అధ్యక్షతన అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడింది. 1921లో మద్రాసు బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల్లో సుదీర్ఘమైన సమ్మె జరిగింది. అదే ఏడాది మేలో అస్సాం చార్‌గోలా లోయ తేయాకు కూలీలు తోటలు విడిచి స్వగ్రామాలకు బయలుదేరారు. చాంద్‌పూర్ రేవులో గూర్ఖా సైనికులు వారిపై దాడిచేయగా, మద్దతుగా రైలు, స్టీమరు ఉద్యోగులు సమ్మెచేశారు.

రైతు ఉద్యమాలు: అవధ్‌లో తాలూక్దార్ల అక్రమ వసూళ్ళు, కౌలుదార్లను వెళ్ళగొట్టడం, వెట్టిచాకిరీ మీద 1920లో కిసాన్ సభలు ఉద్యమించాయి. వాటిని నడిపిన బాబా రామచంద్ర అంతకుముందు ఫిజీలో ఒప్పంద కూలీగా పనిచేసినవాడు. 1921 జనవరిలో రాయ్‌బరేలీ వద్ద మున్షీగంజ్‌లో పోలీసులు రైతులపై కాల్పులు జరిపారు. ఆ ఏడాదే ప్రభుత్వం అవధ్ కౌలు చట్టాన్ని సవరించింది. తరువాత మదారీ పాసీ తదితరుల నాయకత్వంలో ‘ఏకా’ ఉద్యమం సాగింది.

మలబారు తిరుగుబాటు: 1921 ఆగస్టు 20న తిరూరంగాడిలో మొదలైన ఈ తిరుగుబాటులో జన్మీ భూస్వాములపై మాప్పిళ్ళ (మలబారు ముస్లిం) కౌలుదార్ల పాత అసంతృప్తి ఖిలాఫత్ ఆవేశంతో కలిసింది. అది ప్రభుత్వంపైనా భూస్వాములపైనా సాయుధ దాడులుగా మారింది. హిందువుల హత్యలు, బలవంతపు మతమార్పిడులు కూడా జరిగాయి. సైన్యం చర్యలో 2,337 మంది తిరుగుబాటుదారులు చనిపోయినట్లు ప్రభుత్వం ప్రకటించింది. నవంబరులో తిరూరు నుంచి మూసివేసిన రైలు పెట్టెలో తరలించిన ఖైదీల్లో సుమారు 70 మంది ఊపిరాడక మరణించారు.

అకాలీ ఉద్యమం: నిర్వాహకులైన మహంతుల ఆధీనంలో ఉన్న గురుద్వారాలను సిక్కు సమాజం చేతికి తేవాలన్నది దీని లక్ష్యం. 1921 ఫిబ్రవరి 20న నన్‌కానా సాహిబ్‌లో మహంతు మనుషులు అకాలీలను ఊచకోత కోశారు. 1922లో గురు కా బాగ్ సత్యాగ్రహం జరిగింది. 1925 సిక్కు గురుద్వారాల చట్టంతో ఉద్యమం తన ప్రధాన లక్ష్యం సాధించింది. ఈ కాలపు ఉద్యమాల్లో చట్టరూపంలో విజయం పొందిన కొద్దివాటిలో ఇది ఒకటి.

ఆంధ్ర ప్రాంతం

బెజవాడ సమావేశం: 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ సంఘం బెజవాడలో సమావేశమైంది. జూన్ 30లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని, కోటిమందిని సభ్యులుగా చేర్చాలని, 20 లక్షల రాట్నాలు తిరిగేలా చూడాలని తీర్మానించింది. పింగళి వెంకయ్య తాను రూపొందించిన జెండాను గాంధీకి అందజేసింది ఈ సందర్భంలోనే. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ‘రామదండు’ స్వచ్ఛంద సేవకులు సమావేశ ఏర్పాట్లు చూశారు.

చీరాల–పేరాల ఉద్యమం: చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం పురపాలక సంఘాన్ని ఏర్పాటు చేసింది. ఆ జనాభాలో నేతపనివారు, చిన్న రైతులు ఎక్కువ. పన్నులు ఒక్కసారిగా అనేక రెట్లు పెరగడంతో ప్రజలు కట్టబోమన్నారు. సభ్యులు రాజీనామా చేశారు. పన్ను కట్టనందుకు జైలుకు వెళ్ళినవారిలో ఒక స్త్రీ కూడా ఉంది. 1921 ఏప్రిల్‌లో చీరాల వచ్చిన గాంధీ రెండు మార్గాలు సూచించాడు. ఒకటి అహింసతో పన్నుల నిరాకరణ, రెండవది పురపాలక హద్దులు దాటి వెళ్ళిపోవడం. రెండవ దారిలో కాంగ్రెస్ నుంచి డబ్బు సాయం ఆశించవద్దని కూడా చెప్పాడు. దుగ్గిరాల నాయకత్వంలో జనాభాలో అధికభాగం ఊరు ఖాళీచేసి, హద్దుల వెలుపల పాకలు వేసుకొని ‘రామనగర్’ అని పేరుపెట్టుకుంది. ఎండకూ వానకూ ఓర్చి దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. నిషేధాజ్ఞ ఉల్లంఘించినందుకు దుగ్గిరాలకు ఏడాది జైలుశిక్ష పడింది. నాయకుడు లేక, నిధులు లేక ఉద్యమం సన్నగిల్లి ప్రజలు తిరిగి ఇళ్ళకు చేరారు.

పల్నాడు, పెదనందిపాడు: అడవిలో పశువులు మేపుకోవడానికి చెల్లించవలసిన పుల్లరి పల్నాడు ఉద్యమానికి మూలం. 1921లో రైతులు పుల్లరి కట్టడం మానేసి, అటవీ సిబ్బందిని సాంఘికంగా వెలివేశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు కాల్పుల్లో కన్నెగంటి హనుమంతు మరణించాడు. పల్నాడు ఉద్యమంలో శిక్షపడిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లోనే ‘మాలపల్లి’ నవల రాశాడు.

పెదనందిపాడు ప్రాంతంలో 1922 మొదట్లో భూమిశిస్తు నిరాకరణ జరిగింది. కరణాలు, మునసబులు ఉద్యోగాలు వదులుకున్నారు. పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన ‘శాంతి సేన’ ఊళ్ళలో క్రమశిక్షణ చూసింది. శిస్తు వసూలుకు ఆధారమైన గ్రామాధికార వ్యవస్థ స్తంభించిపోవడమే ప్రభుత్వాన్ని ఎక్కువగా కలవరపెట్టింది. గుంటూరు కలెక్టర్ రూథర్‌ఫర్డ్ జప్తులతో, బలగాలతో దీనిని ఎదుర్కొన్నాడు. రెండేళ్ళ తరువాత మన్య విప్లవాన్ని అణచడానికి ప్రత్యేక కమిషనర్‌గా నియమితుడైంది కూడా ఇతడే.

మన్య విప్లవం: గూడెం, రంప కొండల్లో పోడు వ్యవసాయంపై ఆంక్షలు, అటవీ చట్టాలు, ముఠాదార్ల (కొండ గ్రామాల పెత్తందార్ల) హక్కుల తగ్గింపు, రోడ్ల పనిలో వెట్టి గిరిజనులను ఇబ్బందిపెట్టాయి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ దౌర్జన్యాలు దీనికి తోడయ్యాయి. మొదట మద్యనిషేధం, పంచాయతీల ప్రచారం చేసిన అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో సాయుధ పోరాటానికి దిగాడు. ఆగస్టు 22న చింతపల్లి, తరువాత కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేసి ఆయుధాలు తీసుకున్నాడు. గాం గంటందొర, గాం మల్లుదొర ముఖ్య అనుచరులు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులు మరణించారు. మాప్పిళ్ళ తిరుగుబాటు కాలంలో ఏర్పడిన మలబారు స్పెషల్ పోలీసును, తరువాత అస్సాం రైఫిల్స్‌ను ప్రభుత్వం మన్యంలో దించింది. 1924 మే 7న కొయ్యూరు వద్ద సీతారామరాజును పట్టుకొని కాల్చిచంపారు.

నిజాం రాష్ట్రం: ఇక్కడ అలజడి సాంస్కృతిక రూపం తీసుకుంది. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేశారు. దీనికి స్పందనగా ఆంధ్ర జనసంఘం ఏర్పడింది. మాడపాటి హనుమంతరావు తదితరుల కృషితో గ్రంథాలయాలు, తెలుగు పాఠశాలల ద్వారా అది విస్తరించి, తరువాత ఆంధ్ర మహాసభకు దారితీసింది.

ఉద్యమాలు నడిచిన తీరు

సందేశం మూడు దారుల్లో వ్యాపించింది. మొదటిది పత్రికలు: ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలోని ‘కృష్ణాపత్రిక’, 1921లో టంగుటూరి ప్రకాశం మద్రాసులో స్థాపించిన ‘స్వరాజ్య’ ఇందుకు ఉదాహరణలు. రెండవది పాటలు, భజనలు, హరికథలు. చదువురానివారికి ఉద్యమం చేరింది ప్రధానంగా వీటి ద్వారానే. తాను రాసిన ఉద్యమ గీతం కారణంగా గరిమెళ్ళ సత్యనారాయణ జైలుపాలయ్యాడు. మూడవది వదంతులు. గాంధీరాజ్యం వచ్చిందని, ఇక పన్నులుండవని పుట్టిన వార్తలు నాయకులు నిర్ణయించిన హద్దులను దాటి జనాన్ని కదిలించాయి.

ప్రభుత్వం మొదట వేచిచూసింది. 1921 నవంబరు 17న వేల్స్ యువరాజు బొంబాయిలో దిగిన రోజు హర్తాళ్, అల్లర్లు జరిగాక స్వచ్ఛంద దళాలను నిషేధించి అరెస్టులకు దిగింది. కొద్ది నెలల్లో సుమారు 30 వేలమంది జైళ్ళకు వెళ్ళారు. 1920–21లో 102 కోట్ల రూపాయలున్న విదేశీ వస్త్ర దిగుమతుల విలువ మరుసటి ఏడాది 57 కోట్లకు తగ్గింది.

విరమణ

1922 ఫిబ్రవరి 4న గోరఖ్‌పూర్ జిల్లా చౌరీచౌరాలో పోలీసు కాల్పుల తరువాత ఆగ్రహించిన గుంపు స్టేషనుకు నిప్పుపెట్టింది. 22 మంది పోలీసులు మరణించారు. గాంధీ సూచనపై ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెస్ కార్యవర్గం ఉద్యమాన్ని నిలిపివేసింది. పెదనందిపాడులోనూ శిస్తు నిరాకరణ ఆగిపోయింది. మార్చి 10న గాంధీని అరెస్టుచేసి, ఆరేళ్ళ జైలుశిక్ష విధించారు. ఖిలాఫత్ సమస్య టర్కీలోనే తేలిపోయింది. ముస్తఫా కెమాల్ ప్రభుత్వం 1924 మార్చి 3న ఖలీఫా పదవిని రద్దుచేసింది. ఆ తరువాతి ఏళ్ళలో ఉత్తరాదిలో హిందూ–ముస్లిం ఘర్షణలు పెరిగాయి.

ఫలితాలు

రౌలట్ చట్టం 1922లో రద్దయింది. శాసనసభల్లో చేరి పోరాడాలన్న వర్గం చిత్తరంజన్ దాస్, మోతీలాల్ నెహ్రూ నాయకత్వంలో 1923లో స్వరాజ్య పార్టీని స్థాపించింది. విరమణతో నిరాశచెందిన యువకులు కొందరు విప్లవ సంఘాలవైపు, మరికొందరు కమ్యూనిజంవైపు మళ్ళారు. కాంగ్రెస్ ఏడాదికొకసారి జరిగే సభ స్థాయి నుంచి గ్రామ శాఖలు, సభ్యత్వ రుసుము, స్థిరమైన కార్యవర్గం ఉన్న సంస్థగా మారింది. భాషాప్రాతిపదికపై ఏర్పడిన దాని శాఖలు తరువాతి కాలంలో భాషారాష్ట్రాల వాదానికి ఆధారమయ్యాయి.

చరిత్రకారుల దృక్పథాలు

జాతీయోద్యమ చరిత్రకారులు, ముఖ్యంగా బిపన్ చంద్ర, దీనిని సామ్రాజ్యవాద వ్యతిరేక ప్రజా ఉద్యమంగా చూశారు. విరమణ వ్యూహంలో భాగమని సమర్థించారు. జుడిత్ బ్రౌన్ ప్రాంతీయ నాయకుల పాత్రకు, వారి ద్వారా గాంధీకి సమకూరిన మద్దతుకు ప్రాధాన్యం ఇచ్చింది. షాహిద్ అమీన్, జ్ఞానేంద్ర పాండే వంటి సబాల్టర్న్ (అట్టడుగు వర్గాల కోణం నుంచి రాసే) చరిత్రకారులు రైతులు గాంధీ సందేశాన్ని తమ అవసరాలకు అనుగుణంగా అర్థం చేసుకున్నారని చూపారు. మలబారు తిరుగుబాటు వర్గపోరాటమా, మతకలహమా అన్న చర్చ ఇప్పటికీ సాగుతున్నది. ఆంధ్ర ఉద్యమాల వరుస సబాల్టర్న్ చరిత్రకారుల వాదానికి బలమిస్తుంది. చీరాలలో ఇంటిపన్ను, పల్నాడులో పుల్లరి, మన్యంలో పోడు ప్రజలను కదిలించాయి. కాంగ్రెస్ విరమించిన తరువాతే మన్యంలో సాయుధ పోరాటం మొదలైంది.

ప్రాముఖ్యం

ఈ సంక్షోభం బ్రిటిష్ పాలనను కూల్చలేదు. అయితే యుద్ధానికి సహకరిస్తే రాజకీయ హక్కులు వస్తాయన్న 1914 నాటి నమ్మకాన్ని అది చెరిపివేసింది. రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో ప్రభుత్వం మళ్ళీ భారత రక్షణ చట్టం తెచ్చింది. భారతీయుల అభిప్రాయం అడగకుండా దేశాన్ని యుద్ధంలో దించినందుకు నిరసనగా ఆ ఏడాది అక్టోబరు, నవంబరు నెలల్లో మద్రాసుతో సహా రాష్ట్రాల్లోని కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి.